ఒక మందుకు ఎన్ని ప్రశ్నలు?
బహుళ పరికల్పనల పరీక్ష గురించి కొంత వివరణ

హోసూరు ప్రాంతం నుంచి మా బులెటిన్‌ను క్రమం తప్పకుండా చదివే ఒక పాఠకురాలు కొన్నాళ్ల క్రితం మాకొక ఉత్తరం రాశారు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, ఉద్యోగంలో ఇంగ్లీషు అలవాటైన కుటుంబం వారిది. ఆమె తండ్రిగారు గుండె జబ్బు మనిషి. ఆయనకు పనికి వస్తుందేమోనని బంధువొకరు ఒక మందు పరీక్ష ఫలితాల కాగితం తెచ్చి ఇచ్చారట. మొదటి పేరాలో మొత్తం మీద రోగుల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదని ఉంది. కింది పేరాలో మాత్రం అరవై ఏళ్లు దాటిన, మధుమేహం లేని పురుషుల్లో మందు స్పష్టంగా పనిచేసిందని ఉంది. "మా నాన్నగారికి అరవై అయిదు. చక్కెర జబ్బు లేదు. ఇది ఆయన కోసమే రాసినట్టుంది. నమ్మమంటారా?" అని ఆమె ప్రశ్న.

మేము వైద్యులం కాము. మందు వాడాలో వద్దో వైద్యుడు చెప్పవలసిన మాట. కాని ఆ రెండు పేరాల మధ్య ఉన్న చిక్కు వైద్యానిది కాదు, సాంఖ్యక శాస్త్రానిది. పద ప్రయోగాలనూ ఉచ్చారణ భేదాలనూ లెక్కపెట్టుకునే మాబోటి భాషాశాస్త్ర విద్యార్థులకు కూడా ఆ చిక్కు నిత్యం ఎదురయ్యేదే. ఒకసారి అందులో పడి దెబ్బతిన్నవాళ్లం గనక, ఆమెకు రాసిన జవాబునే కొంత విస్తరించి ఇక్కడ అందిస్తున్నాము.

ఒక్క ప్రశ్న అడిగినప్పుడు

మందు పనిచేస్తుందో లేదో తేల్చడానికి రోగులను రెండు జట్లుగా చేస్తారు. ఎవరు ఏ జట్టులోకి వెళ్లాలో వైద్యుడు గాని రోగి గాని నిర్ణయించరు. చీటీలు తీసినట్టు అది యాదృచ్ఛికంగా నిర్ణయమవుతుంది. ఒక జట్టుకు కొత్త మందు, రెండో జట్టుకు పాత మందో, చూడడానికి అలాగే ఉండే ఉత్తుత్తి మాత్రో ఇస్తారు. దక్షిణ భారతదేశానికి ఈ పద్ధతి కొత్తది కాదు. మద్రాసులో 1956లో ఏర్పడిన క్షయ చికిత్సా కేంద్రం ఇంటి దగ్గర చికిత్సనూ శానటోరియం చికిత్సనూ ఇలాగే పోల్చింది. ఇంటి దగ్గర ఉండి మందులు వాడినవాళ్లు కూడా దాదాపు అంత బాగానూ కోలుకున్నారని 1959లో వెలువడిన ఫలితాలు చూపాయి. క్షయ రోగిని ఇంటి నుంచి వేరు చేసి నెలల తరబడి ఉంచే ఆచారం ప్రపంచమంతటా సడలడానికి ఆ ఫలితాలు దోహదం చేశాయి.

రెండు జట్ల మధ్య కొంత తేడా ఎప్పుడూ ఉంటుంది. ఒకే మందు రెండు జట్లకూ ఇచ్చినా ఉంటుంది. ఆ తేడా మందు వల్ల వచ్చిందా, కేవలం అదృష్టం వల్ల వచ్చిందా అన్నది అసలు సమస్య. అందుకోసం మొదట ఈ మందుకు ఏ ప్రభావమూ లేదని అనుకుంటారు. దీనికి శూన్య పరికల్పన అని పేరు. అది నిజమే అయితే, ఇప్పుడు కనిపించినంత తేడా గాని, అంతకన్నా ఎక్కువ తేడా గాని వచ్చే సంభావ్యత ఎంత అని లెక్కగడతారు. ఆ సంఖ్యే పి-విలువ. అది 0.05 కన్నా తక్కువైతే, అంటే నూటికి అయిదు కన్నా తక్కువైతే, ఫలితం సార్థకమైందని చెప్పడం ఆచారం. మందు పనికిరానిదయ్యే అవకాశం నూటికి అయిదు అని దీనికి అర్థం కాదు. పనికిరాని మందు కూడా ఇలాంటి ఫలితం చూపగల అవకాశం నూటికి అయిదు అని మాత్రమే అర్థం. ఈ రెంటికీ ఉన్న తేడాను పత్రికలు తరచు మరచిపోతాయి.

ఈ 5 శాతం హద్దును ప్రచారంలోకి తెచ్చినవాడు రొనాల్డ్ ఫిషర్. పరిశోధకుల కోసం 1925లో ఆయన వెలువరించిన గ్రంథంతో అది స్థిరపడింది. ఆ ఫిషర్ దగ్గర కేంబ్రిడ్జిలో పరిశోధన చేసి 1948లో డాక్టరేటు పొందిన సి.ఆర్. రావు మన పాఠకులకు పరాయివాడు కాడు. నేటి కర్ణాటకలోని హడగలిలో 1920లో తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తాలోని భారతీయ సాంఖ్యక సంస్థలో దశాబ్దాల పాటు పనిచేసిన మనిషి ఆయన. 2023లో, తన నూట మూడో ఏట కాలం చేయడానికి కొన్ని నెలల ముందు, అంతర్జాతీయ సాంఖ్యక శాస్త్ర బహుమతి అందుకున్నారు.

ప్రశ్నలు పెరిగినప్పుడు

అష్టాచెమ్మా ఆడినవాళ్లకు ఈ చిక్కు సులభంగా అర్థమవుతుంది. గవ్వ వెల్లకిలా పడడానికీ బోర్లా పడడానికీ సమానావకాశం ఉందనుకుందాం. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడడం పదహారుసార్లకు ఒకసారి జరిగే పని. "ఇదిగో చూడండి" అని ముందే చెప్పి, ఒక్కసారే వేసి, నాలుగూ వెల్లకిలా పడవేసినవాడిని చూసి ఆశ్చర్యపోవచ్చు. మధ్యాహ్నమంతా ఆడుతూ ఉండి, ఎప్పుడో ఒకసారి పడినప్పుడు "చూశారా నా చేతివాటం" అన్నవాడిని చూసి నవ్వుకుంటాం. పడిన గవ్వలు రెండుచోట్లా ఒకటే. ఎన్నిసార్లు వేశాడన్నదే తేడా.

మందుల పరీక్షలోనూ అంతే. ఏ ప్రభావమూ లేని మందును తీసుకుని, ఒకదానితో ఒకటి సంబంధం లేని ప్రశ్నలు వేసి, ప్రతిదానికీ 0.05 హద్దే పెట్టుకున్నామనుకుందాం. ఒక్క ప్రశ్నే అయితే పొరపాటున సార్థక ఫలితం వచ్చే అవకాశం నూటికి 5. మూడు ప్రశ్నలైతే కనీసం ఒక్కటి అలా వచ్చే అవకాశం నూటికి 14. పదైతే 40. ఇరవై అయితే 64. అంటే ఇరవై ప్రశ్నలు అడిగితే, బొత్తిగా పనికిరాని మందుకు కూడా ఏదో ఒక సుగుణం దొరికే అవకాశమే ఎక్కువ. ప్రశ్నల మధ్య సంబంధం ఉన్నప్పుడు ఈ అంకెలు మారతాయి గాని ప్రశ్నలు పెరిగేకొద్దీ ప్రమాదం పెరుగుతుందన్న మాట మారదు.

ప్రశ్నలు పెరిగే దారులు చాలా ఉన్నాయి. మరణాలు తగ్గాయా, పక్షవాతం తగ్గిందా, ఆసుపత్రిలో చేరడం తగ్గిందా అని ఫలితాలను వేరువేరుగా చూడడం ఒక దారి. మూడు మోతాదులను విడివిడిగా పోల్చడం మరొకటి. పరీక్ష ముగియకముందే మధ్యమధ్య లెక్కలు తీసి చూడడం ఇంకొకటి. మధ్యలో చూస్తే నష్టమేమిటని అనిపించవచ్చు. కాని సమాన దూరాల్లో అయిదుసార్లు చూసి ప్రతిసారీ 0.05 హద్దే వాడితే, పొరపాటు అవకాశం 5 నుంచి సుమారు 14 శాతానికి పెరుగుతుంది.

అన్నిటికన్నా సులభమైన దారి రోగులను ఉపవర్గాలుగా విడగొట్టడం. మా పాఠకురాలి కాగితాన్నే తీసుకుందాం. అక్కడ వయసు, మధుమేహం, స్త్రీపురుష భేదం అనే మూడు విషయాలున్నాయి. వయసును బట్టి రోగులను అరవై దాటినవారుగానో, దాటనివారుగానో, రెండూ కలిపో చూడవచ్చు. మిగతా రెంటిలోనూ ఇలాగే మూడేసి దారులు. మూడు మూళ్లు తొమ్మిది, తొమ్మిది మూళ్లు ఇరవై ఏడు. అందులో మొత్తం రోగులందరి వర్గం ఒకటి తీసేస్తే ఇరవై ఆరు ఉపవర్గాలు మిగులుతాయి. మూడే మూడు విషయాలతో ఇరవై ఆరు వర్గాలు! "అరవై దాటిన, మధుమేహం లేని పురుషులు" ఆ ఇరవై ఆరింటిలో ఒకటి. మిగతా ఇరవై అయిదింటి మాట ఆ కాగితం చెప్పలేదు.

ఏ రాశివారికి ఆస్పిరిన్?

ఈ ప్రమాదాన్ని చక్కగా బయటపెట్టిన ఉదాహరణ ఒకటుంది. గుండెపోటు వచ్చిందని అనుమానం ఉన్న 17,187 మంది రోగులపై జరిగిన ఐసిస్-2 అనే పరీక్ష ఫలితాలు 1988లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. ఆస్పిరిన్ ఇచ్చిన జట్టులో అయిదు వారాల్లో గుండె, రక్తనాళాల కారణంగా చనిపోయినవారు 9.4 శాతం. ఇవ్వని జట్టులో 11.8 శాతం. అంత చవకైన మాత్ర మరణాలను సుమారు అయిదో వంతు తగ్గించిందన్నమాట.

ఆ ఫలితాలను ఉపవర్గాలుగా విడదీసి చూపవలసిందని పత్రికవారు కోరారు. పరిశోధకులు అందుకు ఒప్పుకున్నారు. అయితే వయసు వంటి విషయాలతో పాటు, రోగులను వాళ్లు పుట్టిన రాశులను బట్టి కూడా విడదీశారు. మిథున, తులా రాశుల్లో పుట్టినవారిలో ఆస్పిరిన్ వల్ల మరణాలు 9 శాతం పెరిగినట్టు కనిపించింది. మిగతా రాశులవారిలో 28 శాతం తగ్గాయి. పరిశోధకులు ఇది రాశిఫలాలను నమ్మి చేసిన పని కాదు. అర్థంలేని విభజన చేసినా అర్థవంతంగా కనిపించే ఫలితం దొరుకుతుందని చూపడానికే చేశారు. మిథున రాశివారికి ఆస్పిరిన్ ఇవ్వవద్దని ఏ వైద్యుడూ అనడు. అదే తేడా వయసు వల్లనో బరువు వల్లనో వచ్చినట్టు కనిపించి ఉంటే, ఎంతమంది రోగులకు ఆ మాత్ర దక్కకుండా పోయేదో ఆలోచించాలి.

ఇక్కడ ఇంకొక సూక్ష్మం ఉంది. ఒక వర్గంలో ఫలితం సార్థకమై, మరొక వర్గంలో కాకపోతే ఆ రెండు వర్గాలూ నిజంగా భిన్నమని రుజువైనట్టు కాదు. రెండో వర్గంలో రోగులు తక్కువగా ఉన్నా అలాగే జరుగుతుంది. రెండు వర్గాల ప్రభావాలనూ నేరుగా ఒకదానితో ఒకటి పోల్చే పరీక్ష వేరే ఉంది. అది చేయకుండా "వీళ్లలో పనిచేసింది, వాళ్లలో పనిచేయలేదు" అనడం సరికాదు.

రెండు మందుల చరిత్ర

రాశుల ఉదాహరణ నవ్వు తెప్పిస్తుంది. కాని గుండె బలహీనత రోగుల విషయంలో జరిగిన రెండు సంగతులు చూస్తే నవ్వడం కష్టం.

మొదటిది ఆమ్లోడిపిన్‌ది. తీవ్రమైన గుండె బలహీనత ఉన్న 1,153 మందిపై జరిగిన ప్రెయిజ్ అనే పరీక్ష 1996లో వెలువడింది. మొత్తం రోగుల్లో ప్రధాన ఫలితం సార్థకం కాలేదు. కాని రక్తనాళాలు పూడుకుపోవడం వల్ల కాక ఇతర కారణాల వల్ల గుండె బలహీనపడినవారిలో మరణ ప్రమాదం 46 శాతం తగ్గినట్టు కనిపించింది. ఆ విభజన పరీక్షకు ముందే చేసుకున్నది. కనిపించిన తేడా కూడా పెద్దది. అయినా ఆ పరిశోధకులు అక్కడితో తృప్తిపడలేదు. అచ్చంగా అలాంటి రోగులనే 1,654 మందిని తీసుకుని రెండో పరీక్ష జరిపారు. మరణాలు తగ్గలేదు. మొదట కనిపించిన మేలు ఆవిరైపోయింది.

రెండోది కార్వెడిలాల్‌ది. అమెరికాలో 1,094 మందిపై జరిగిన పరీక్షల్లో ప్రధాన ప్రశ్న చాలావరకు రోగి శ్రమను ఎంతసేపు తట్టుకోగలడన్నది. ఆ ప్రశ్నకు అనుకూలమైన జవాబు రాలేదు. కాని మరణాలు మాత్రం 7.8 శాతం నుంచి 3.2 శాతానికి తగ్గాయి. ముందుగా అడగని ప్రశ్నకు వచ్చిన జవాబును ఒప్పుకోవచ్చా? అమెరికా ఔషధ నియంత్రణ సంస్థకు సలహా ఇచ్చే సంఘంలో 1996లో దీనిపై తీవ్రమైన వాదం జరిగింది. సంఘం మొదట వద్దంది. మందుకు 1997లో అనుమతి వచ్చింది. తరువాత మరణాలనే ప్రధాన ప్రశ్నగా పెట్టుకుని 2,289 మందిపై జరిగిన కొపర్నికస్ పరీక్ష 2001లో వెలువడింది. మరణ ప్రమాదం 35 శాతం తగ్గింది. మేలు నిజమే, కాని మొదట కనిపించినంత పెద్దది కాదు.

ఒక మందు విషయంలో అనుమానించినవాళ్లు నెగ్గారు. రెండో మందు విషయంలో నమ్మినవాళ్లు నెగ్గారు. మొదటి పరీక్ష కాగితాలు మాత్రమే చూసినవారికి ఏది ఏదో తెలిసే వీలు లేదు. రెండుచోట్లా తీర్పు చెప్పింది కొత్త పరీక్షే.

హద్దులు పెట్టే పద్ధతులు

ప్రశ్నలు ఎక్కువైనప్పుడు హద్దును బిగించాలన్నది సాంఖ్యక శాస్త్రజ్ఞుల సూత్రం. కలిపి విచారించవలసిన పరికల్పనల సమూహాన్ని వారు కుటుంబం అంటారు. ఆ కుటుంబం మొత్తంలో ఒక్క తప్పుడు ఫలితమైనా వచ్చే అవకాశాన్ని 5 శాతం దాటకుండా చూడడం లక్ష్యం. మాటకు భాషాశాస్త్రంలోని భాషా కుటుంబంతో సంబంధం లేకపోయినా, ఒకరు చేసిన తప్పు ఇంటిల్లిపాదికీ అంటుతుందన్న భావం అందులో ఉంది.

వీటిలో సరళమైనది బాన్‌ఫెరోనీ పద్ధతి. ఇటలీ గణితజ్ఞుడు కార్లో బాన్‌ఫెరోనీ 1936లో వివరించిన అసమానతలే దీనికి ఆధారం. దీన్ని ఇలాంటి పోలికలకు పనికివచ్చేలా చేసినవారు ఆలివ్ జీన్ డన్, 1961లో. నాలుగు ప్రశ్నలుంటే 0.05ను నాలుగుతో భాగించి, ఒక్కొక్కదానికీ 0.0125 హద్దు పెట్టాలి. ప్రశ్నల మధ్య సంబంధం ఎలాంటిదైనా ఇది రక్షిస్తుంది. అయితే దీని కాఠిన్యం వల్ల నిజమైన మేలు కూడా కొన్నిసార్లు జారిపోతుంది.

స్వీడన్‌కు చెందిన స్టూర్ హోమ్ 1979లో దీన్ని మెరుగుపరిచాడు. నాలుగు ప్రశ్నలకు పి-విలువలు 0.010, 0.014, 0.020, 0.060 అనుకుందాం. బాన్‌ఫెరోనీ ప్రకారం 0.0125 లోపు ఉన్న మొదటిదొక్కటే నెగ్గుతుంది. హోమ్ పద్ధతిలో అతి చిన్న విలువతో మొదలుపెడతారు. మొదటిదాన్ని 0.05లో నాలుగో వంతుతో పోలుస్తారు. అది నెగ్గితే మిగిలినవి మూడే గనక రెండోదాన్ని మూడో వంతుతో, అంటే 0.0167తో పోలుస్తారు. మూడోదాన్ని సగంతో, అంటే 0.025తో. చివరిదాన్ని 0.05తో. ఎక్కడ ఓడితే అక్కడ ఆగిపోవాలి. ఈ లెక్కన మొదటి మూడూ నెగ్గుతాయి, నాలుగోది ఓడుతుంది. రక్షణ అంతే ఉంది, దక్కినవి ఎక్కువ.

మూడో పద్ధతి వరుస క్రమం. ఏది ముందు, ఏది తరువాత అని పరీక్ష మొదలుకాకముందే రాసిపెడతారు. మొదటి ప్రశ్న నెగ్గితేనే రెండోదాని దగ్గరకు వెళ్లాలి. ప్రతిదానికీ పూర్తి 0.05 హద్దు వాడుకోవచ్చు. కాని మొదటిది ఓడితే తరువాతి ప్రశ్నకు ఎంత గొప్ప జవాబు వచ్చినా దాన్ని రుజువుగా చెప్పుకోకూడదు. వరుసను ఫలితాలు చూశాక మార్చడానికి వీల్లేదు. మధ్యమధ్య లెక్కలు చూసుకోవలసిన పరీక్షలకు పోకాక్ 1977లోనూ, ఓబ్రైన్, ఫ్లెమింగ్ 1979లోనూ వేరే హద్దులు సూచించారు.

నాలుగోది వేరే తరహా. ఒకేసారి వేలాది జన్యువులను పరిశీలించేటప్పుడు ఒక్క తప్పూ రాకూడదంటే ఏదీ దొరకదు. అందుకని బెంజమిని, హాక్‌బర్గ్ 1995లో మరో లక్ష్యం ప్రతిపాదించారు. దొరికినవని ప్రకటించేవాటిలో తప్పుడువి సగటున 5 శాతం మించకుండా చూస్తే చాలన్నారు. వెతుకులాటకు ఇది మంచి పద్ధతి. రోగికి మందు ఇవ్వడానికి అనుమతి కోరే పరీక్షల్లో మాత్రం సాధారణంగా మొదటి మూడింటి వంటి కఠిన పద్ధతులనే కోరతారు.

మా సొంత పొరపాటు

ఈ పాఠం మేము పుస్తకంలో నేర్చుకోలేదు. పరిశోధక విద్యార్థిగా ఉన్నప్పుడు కర్ణాటకలో స్థిరపడిన కొన్ని తెలుగు కుటుంబాల్లో తాతల మాటనూ మనవల మాటనూ పోల్చి చూశాము. అరవై లక్షణాలు తీసుకున్నాము. మూడింటిలో సార్థకమైన తేడా కనిపించింది. ఆ మూడింటి మీద సంబరంగా ఒక అధ్యాయం రాశాము. మిగతా యాభై ఏడింటిని అనుబంధంలో కూడా చేర్చలేదు. మౌఖిక పరీక్షలో పెద్దలొకరు ఒకే ప్రశ్న వేశారు: "మొత్తం ఎన్ని పోల్చారు?" అరవై అన్నాము. "అరవైలో నూటికి అయిదు ఎంత?" అన్నారు. మూడు. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప మరేమీ వినిపించలేదు.

మరుసటి ఏడు మళ్లీ వెళ్లి, వేరే కుటుంబాల్లో ఆ మూడింటినే పరిశీలించాము. రెండు మాయమయ్యాయి. నిలిచింది ఒకటే. మనం, మేము అనే భేదం మనవల మాటలో సడలడం. కన్నడంలో ఆ భేదం లేదు గనక, అది సడలవచ్చునని ముందే అనుకోవడానికి కారణం ఉంది. మిగతా రెంటికీ కారణాలను మేము ఫలితం చూశాక అల్లుకున్నాము. మా తప్పు వల్ల ఎవరి ప్రాణమూ పోలేదు. అదే తప్పు మందుల పరీక్షలో జరిగితే ఆ మాట చెప్పలేము.

చదివేటప్పుడు అడగవలసినవి

మందు పరీక్ష గురించి ఏ కాగితం చేతికి వచ్చినా పాఠకులు నాలుగు విషయాలు అడిగి తెలుసుకోవాలి. పరీక్షకు ముందే రాసుకున్న ప్రధాన ప్రశ్న ఏది? దానికి వచ్చిన జవాబేమిటి? మొత్తం ఎన్ని ప్రశ్నలు అడిగారు, అందుకు తగ్గట్టు హద్దు బిగించారా? ఈ ఫలితాన్ని మరొక పరీక్ష సమర్థించిందా? మొదటి ప్రశ్నకు జవాబు వెతకడం ఒకప్పుడు అసాధ్యంగా ఉండేది. మన దేశంలో మందుల పరీక్షలను నమోదు చేసే జాతీయ పట్టిక 2007లో మొదలైంది. 2009 జూన్ నుంచి నమోదు తప్పనిసరి అయింది. ఏ ప్రశ్నతో పరీక్ష మొదలైందో అందులో ఎవరైనా చూడవచ్చు.

మా పాఠకురాలికి ఇదే రాశాము. ఆ కాగితంలోని రెండో పేరా అబద్ధమని మేము అనలేదు. అది జవాబు కాదని, మళ్లీ అడగదగ్గ ప్రశ్న మాత్రమేనని అన్నాము. ఆమె ఈ నాలుగు ప్రశ్నలూ తమిళంలో రాసుకుని తండ్రిగారి వైద్యుని దగ్గరకు వెళ్లారు. రెండో పరీక్ష ఏదీ తనకు కనబడలేదని, పాత మందే కొనసాగిద్దామని ఆయన చెప్పారట. తండ్రిగారు మాత్రం కొంత నిరుత్సాహపడ్డారని ఆమె రాశారు. అది సహజమే. తనకోసమే రాసినట్టున్న మాటను వదులుకోవడం ఎవరికైనా కష్టం.